లక్ష కిలోమీటర్లు తిరిగిన టర్బో పెట్రోల్ సెడాన్ కొనవచ్చా?

ప్రశ్న ఇది: ఏడేళ్ల పాతది, లక్ష కిలోమీటర్లు తిరిగిన 2.0 లీటర్ టర్బో పెట్రోల్ సెడాన్ ఒకటి అమ్మకానికి ఉంది. "టర్బో ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, దాని జోలికి పోవద్దు" అని తెలిసినవాళ్లు అంటున్నారు. ఆ మాటలో నిజమెంత? కొనాలంటే ఏమేం చూసుకోవాలి?

కొనవచ్చు. టర్బో (ఇంజిన్ పొగ తోపుకు తిరుగుతూ లోపలికి అదనంగా గాలి నెట్టే పంకా) దానంతట అది పోవడం అరుదు. దాన్ని చంపేది ఆయిల్: పాతబడిన ఆయిల్, తక్కువైన ఆయిల్, తప్పు రకం ఆయిల్. అందుకే ఈ కార్ల విషయంలో ఓడోమీటర్ అంకె కన్నా ఆయిల్ మార్చిన బిల్లులకే నేను ఎక్కువ విలువిస్తాను. 1,60,000 కిలోమీటర్లు తిరిగినా ప్రతి 8-10 వేలకూ ఆయిల్ మార్చిన బండి ఒకటి, 70,000 మాత్రమే తిరిగి మొత్తం మీద మూడుసార్లే ఆయిల్ మార్చిన బండి ఇంకొకటి ఉంటే, కళ్లు మూసుకుని మొదటిదే తీసుకోండి.

ఎందుకంటే, టర్బో లోపలి షాఫ్ట్ నిమిషానికి 1,50,000 నుంచి 2,00,000 చుట్ల దాకా తిరుగుతుంది. చాలా కార్లలో దానికి బాల్ బేరింగ్ ఉండదు. మిల్లీమీటరులో వందో వంతుల మందం ఉండే ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. షాఫ్ట్‌కు ఒక వైపున ఉన్న టర్బైన్‌ను తాకే పొగ, గట్టిగా తొక్కినప్పుడు 950 డిగ్రీల వరకూ వేడెక్కుతుంది. ఆయిల్ పాతబడితే ఆ వేడికి మాడి, బేరింగ్ దగ్గరా, టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపులోనూ నల్లటి బొగ్గులా గట్టిపడుతుంది. పైపు దారి సన్నబడిన కొద్దీ షాఫ్ట్‌కు ఆయిల్ అందదు, బేరింగ్ అరుగుతుంది, సీళ్లు వదులవుతాయి, పొగ మొదలవుతుంది. అలాంటి ఇంజిన్‌కు ఆ పైపు మార్చకుండా కొత్త టర్బో ఒక్కటే బిగిస్తే, అది కూడా కొద్ది నెలల్లోనే పోతుంది. "ఈమధ్యే టర్బో కొత్తది వేయించాం" అని అమ్మేవాళ్లు గొప్పగా చెబితే, ఆయిల్ ఫీడ్ పైపు, దాని గ్యాస్కెట్లు, బాంజో బోల్టు (పైపును బిగించే, మధ్యలో ఆయిల్ దారి ఉన్న బోల్టు) కూడా మార్చినట్టు బిల్లులో ఉందా అని అడగండి. లేకపోతే ఆ కొత్త టర్బో లాభం కింద లెక్క కాదు.

బిల్లులు చూసేటప్పుడు కిలోమీటర్లతో పాటు తేదీలూ చూడాలి. కంపెనీ పుస్తకంలో 15,000 అనో, కొన్ని చోట్ల 30,000 అనో రాసి ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్మే) టర్బో ఇంజిన్‌కు అది ఎక్కువ. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లు, లేదా ఏడాది, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలి. అలా తిరిగితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, సిలిండర్ గోడల మీంచి జారిన పెట్రోలు ఆయిల్లో కలిసి ఆవిరి కాకుండా అక్కడే ఉండిపోతుంది. ఆయిల్ పలచబడుతుంది. "తక్కువ తిరిగింది, ఒక్కరే నడిపారు" అన్న బండి అన్ని వేళలా మంచి బండి కాకపోవడానికి కారణం ఇదే.

బిల్లు మీద ఆయిల్ గ్రేడు కూడా రాసి ఉండాలి. 5డబ్ల్యూ-30 అన్నది చిక్కదనం మాత్రమే. దానితో పాటు ఆ ఇంజిన్ తయారీదారు అడిగే ఆమోదం ఉండాలి: ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుకు 502.00 లేదా 504.00, జీఎంకు డెక్సోస్1, అలా ఒక్కొక్కరికీ ఒకటి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) గ్రేడుల్లో ఎస్‌ఎన్ ప్లస్ 2018లోనూ, ఏపీఐ ఎస్‌పీ 2020లోనూ వచ్చాయి. ఈ రెండింటి వెనక ఉన్న ముఖ్య కారణం టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లే. ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి తిరిగే చుట్లు) ఉండగా ఎక్కువ లోడ్ పడితే, పిస్టన్ అంచున చేరిన ఆయిల్-పెట్రోలు చుక్క స్పార్క్ కన్నా ముందే అంటుకోవచ్చు. ఆ దెబ్బ ఒక్కటి చాలు, రింగుల మధ్య ఉండే పిస్టన్ గట్టు విరగడానికి. ఆయిల్లో కాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే ఈ ముప్పు పెరుగుతుంది. అందుకే కొత్త గ్రేడుల్లో దాన్ని తగ్గించి మెగ్నీషియం వాడుతున్నారు. ఎస్‌పీ గ్రేడుకు టైమింగ్ చైను అరుగుదల పరీక్ష కూడా అదనం.

ఇక బండి దగ్గరికి వెళ్లడం. ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పి వెనక్కి వచ్చేయండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, ఎందుకంటే ఖరీదైన జబ్బులు సగం మొదటి పది సెకన్లలోనే బయటపడతాయి. ఒకరు వెనక పైపు దగ్గర, ఒకరు బానెట్ తెరిచి ఇంజిన్ పక్కన నిలబడాలి. స్టార్ట్ అవగానే రెండు మూడు సెకన్లకు మించి గలగల చప్పుడు వస్తే టైమింగ్ చైను సాగిందనో, టెన్షనర్ ఒత్తిడి నిలపడం లేదనో అనుమానించాలి. చైను పళ్లు దాటితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం పోతుంది. నీలం పొగ ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే వాల్వ్ సీళ్లు. తెల్లటి పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపల కాలుతోంది. చలిలో కాసేపు కనిపించే ఆవిరి గురించి కంగారు పడక్కర్లేదు. మొదటి నిమిషంలో ఇంజిన్ వణుకుతూ మిస్‌ఫైర్ అయి తర్వాత సర్దుకుంటే ప్లగ్గులు, కాయిల్స్, లేదా ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకున్న కార్బన్.

ఆ కార్బన్ సంగతి కొంచెం చెప్పాలి. పాత పద్ధతిలో (పోర్టు ఇంజెక్షన్) పెట్రోలును ఇన్‌టేక్ పోర్టులోనే చిమ్మేవారు, అది వాల్వును కడిగేది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే వెళ్తుంది, వాల్వు వెనక భాగాన్ని తాకదు. బ్రీదర్ (ఇంజిన్ లోపల చేరిన ఆవిరిని బయటికి పంపే దారి) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడే మాడి గట్టి పెచ్చు కడుతుంది. ట్యాంకులో పోసే క్లీనర్లు ఇంజెక్టర్‌కు పనికొస్తాయేమో గానీ, ఆ వాల్వు దగ్గరికి అవి చేరే దారే లేదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) విప్పి, వాల్‌నట్ చిప్పల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయడమే దారి. 80,000 నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య చాలా ఇంజిన్లకు ఇది అవసరమవుతుంది. దీన్ని లోపంగా చూడకండి, ధర తగ్గించమని అడగడానికి వాడుకోండి. పోర్టు ఇంజెక్టర్లు కూడా అదనంగా ఉన్న ఇంజిన్లకు ఈ బెడద తక్కువ.

ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా కొట్టి, మట్టం మాక్స్ గీత దాటి ఉంటే ఆయిల్లో పెట్రోలు కలుస్తున్నట్టే. మట్టం మిన్ గీత దగ్గరుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందేమో అడగాలి. రెండు గీతల మధ్య తేడా చాలా ఇంజిన్లలో ఒక లీటరు. కొన్ని మాన్యువల్స్‌లో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలే అని రాసి ఉంటుంది. అది వారంటీ లెక్క. వాడిన కారు కొనేవాళ్లకు ఆ లెక్క పనికిరాదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కు రెండు ఆయిల్ మార్పుల మధ్య పోయాల్సిన పని పెద్దగా ఉండకూడదు.

ఇంజిన్ ఐడిల్‌లో (ఎక్సలేటర్ తొక్కకుండా) ఉండగా ఆయిల్ మూత కొంచెం వదులు చేయండి. మూత ఊడిరానంత గట్టిగా లోపలికి లాగుతూ ఈల చప్పుడు వస్తే పీసీవీ వాల్వు (బ్రీదర్ ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపేది) డయాఫ్రం చిరిగింది. ఇది చిన్న పనే. అదే మూత తీయగానే లోపలి నుంచి పొగ ఉఫ్‌ఫుమని తంతే రింగులు అరిగాయి, అది పెద్ద పని. మూత కింద లోహం లేత గోధుమ రంగులో ఉంటే సరే, నల్లటి జిగురు పెచ్చులుంటే ఆయిల్ ఆలస్యంగా మార్చారు. బిల్లులు ఏం చెప్పినా ఈ మూతే నమ్మదగ్గ సాక్షి.

కూలెంట్ డబ్బా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తెరవాలి. మట్టం, రంగు, పైన ఆయిల్ తెట్టు ఉందా లేదా చూడండి. ఈ ఇంజిన్లలో చాలావాటికి వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ ప్లాస్టిక్‌వే, వేడికి వంకరపోయి నెమ్మదిగా కారుతాయి. ఎండిపోయిన గులాబీ లేదా తెల్లటి చారలు వాటి కింద వెతకండి. బండి ఆపేశాక కూడా ఫ్యాను, చిన్న ఎలక్ట్రిక్ పంపు కాసేపు తిరుగుతుంటే భయపడకండి, అది టర్బోను చల్లార్చడానికే. హెడ్ గ్యాస్కెట్ అనుమానముంటే కూలెంట్ డబ్బా మీద పెట్టే రసాయన పరీక్ష ఉంది: పొగ వాయువు తగిలితే నీలం ద్రవం పసుపుకు తిరుగుతుంది.

తర్వాత స్కానర్. ఫోన్‌కు కలిపే, కారు కంప్యూటర్‌ను చదివే చిన్న ఓబీడీ పరికరం సరిపోతుంది, లైవ్ డేటా చూపించాలి, అంతే. లోపాలను సూచించే కోడ్స్ ఏమీ లేవని సంబరపడకండి. వాటిని చెరిపి ఎన్ని కిలోమీటర్లయిందో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది, ఆ అంకె చూడండి. 20 కిలోమీటర్ల క్రితమే చెరిపి, రెడీనెస్ మానిటర్లు (కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) "పూర్తి కాలేదు" అని చూపిస్తే మీకోసమే చెరిపారు. వచ్చే కోడ్స్‌లో పి0299 అంటే టర్బో ఒత్తిడి చాలడం లేదు. దానికి కారణం టర్బోయే కానక్కర్లేదు, చిరిగిన హోస్ పైపు, వదులైన క్లాంపు, అరిగిన వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బో పక్కనుంచి పంపే తలుపు), చిరిగిన డైవర్టర్ వాల్వు (కాలు తీసినప్పుడు మిగిలిన గాలి ఒత్తిడిని వదిలేది), ఏదైనా కావచ్చు. ముందు పొగ యంత్రంతో లీకులు వెతికించాలి. పి0300 నుంచి పి0304 మిస్‌ఫైర్లు. పి0016 వస్తే జాగ్రత్త: క్రాంక్, క్యామ్ ఒకదానికొకటి లెక్క తప్పాయని అర్థం, చైను సాగినప్పుడు వచ్చేది ఇదే. పి0087 హై ప్రెషర్ పంపు వైపు చూపిస్తుంది.

లైవ్ డేటాలో ఫ్యూయెల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పే) అంకెలు, షార్ట్ లాంగ్ రెండూ కలిపి, సున్నాకు అటూఇటూ 5 శాతంలో ఉంటే చాలా బాగుంది. 10 దాటితే కారణం తెలియాలి. ఐడిల్‌లో ప్లస్ వైపు ఎక్కువగా ఉండి 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలైతే ఎక్కడో దొంగ గాలి లోపలికి వస్తోంది, తరచూ పీసీవీ దగ్గరే. ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న ఇంజిన్‌లో, గట్టిగా తొక్కినప్పుడు మాత్రం మైనస్ వైపు పోతే టర్బో తర్వాతి పైపులో గాలి బయటికి కారుతోంది: సెన్సర్ లెక్కపెట్టిన గాలి సిలిండర్‌కు చేరడం లేదు.

నడిపి చూడటానికి అరగంట అయినా కావాలి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, మూడో గేరులో 2,000 ఆర్‌పీఎం నుంచి 5,000 వరకు పూర్తిగా తొక్కండి. లాగుడు ఒకే తీరున పెరగాలి, మధ్యలో తడబడకూడదు. మానిఫోల్డ్ ప్రెషర్ ఐడిల్‌లో సుమారు 30-40 కిలోపాస్కల్స్, తొక్కినప్పుడు ఇంజిన్‌ను బట్టి 180-220 దాకా చేరుతుంది. కంప్యూటర్ అడిగిన ఒత్తిడికీ వచ్చిన ఒత్తిడికీ పెద్ద తేడా ఉండకూడదు. టర్బో సన్నగా ఈల వేయడం సహజం. సైరన్‌లా పెరుగుతూ పోయే గీరుడు శబ్దం బేరింగ్‌దో, రెక్కలు హౌసింగ్‌కు రాసుకోవడం వల్లదో. తిరిగొచ్చాక ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేజ్ చేయండి. అప్పుడు నీలం పొగ గుప్పుమంటే టర్బో సీళ్లను అనుమానించాలి. సైలెన్సర్ చివర పొడిగా ఉండే నల్లటి మసి ఈ ఇంజిన్లకు మామూలు, వేలికి జిడ్డుగా అంటితే కాదు.

కొందామని మనసు కుదిరాక మెకానిక్ చేత టర్బోకి వచ్చే గాలి పైపు విప్పించండి, గంట పని కూడా కాదు. లోపల పల్చటి ఆయిల్ తడి ఉండటం సహజం, అది బ్రీదర్‌ది. ఆయిల్ మడుగు కడితే కాదు. షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపితే కొద్దిగా ఆడుతుంది, ఆడాలి కూడా. లోపలికీ బయటికీ కదిలినట్టు చేతికి తెలిస్తే మాత్రం టర్బో పని అయిపోయింది. రెక్కల అంచులు చిట్లి ఉంటే ఎయిర్ ఫిల్టర్ సరిగా పెట్టకుండా నడిపారు. లీక్-డౌన్ పరీక్షకు (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత శాతం కారుతోందో చూడటం) ఎలాగూ ప్లగ్గులు తీస్తారు కాబట్టి ఆ రంధ్రాల్లోంచి కెమెరా పంపించండి. నాలుగు పిస్టన్లలో ఒకటే కొత్తదానిలా తళతళలాడుతుంటే సంతోషించకండి, అక్కడికి కూలెంట్ కారి ఆవిరితో కడుగుతోంది. లీక్-డౌన్ పరీక్షలో 10 శాతం లోపు బాగు, 20 దాటితే గాలి ఎటు పోతోందో వినాలి: ఆయిల్ మూత దగ్గరైతే రింగులు, సైలెన్సర్‌లోనైతే ఎగ్జాస్ట్ వాల్వు, కూలెంట్‌లో బుడగలైతే హెడ్ గ్యాస్కెట్.

గేర్‌బాక్సును జనం ఆఖర్లో చూస్తారు. నా అభిప్రాయంలో లక్ష దాటిన బండికి టర్బో కన్నా ఇదే పెద్ద ఖర్చు తెస్తుంది. డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చేది) అయితే పొడిదా, ఆయిల్లో మునిగేదా తెలుసుకోండి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులోని ఏడు గేర్ల డీక్యూ200 పొడి క్లచ్‌ది, 250 న్యూటన్ మీటర్లకే పరిమితం. ట్రాఫిక్‌లో పాకే బండిలో దాని క్లచ్ త్వరగా అరుగుతుంది, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ కూడా బలహీనం. ఆరు గేర్ల డీక్యూ250 తడి క్లచ్‌ది, ఎక్కువ గట్టిది, కానీ 60,000కు ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. పరీక్షించాలంటే చిన్న ఎత్తు మీద బ్రేకు వదిలి మెల్లగా పాకనివ్వండి, ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వణుకు రాకూడదు. రివర్స్‌లో కూడా ఇదే చేయండి. టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో "జీవితకాలపు ఆయిల్" అన్న మాట నమ్మవద్దు, 60-80 వేలకు మార్చాలి.

ఏ ఇంజినో తెలిశాక దాని పుట్టు లోపాలు వెతకాలి. ఫోక్స్‌వ్యాగన్ ఈఏ888 రెండో తరం 1.8, 2.0లకు చైన్ టెన్షనర్, ఆయిల్ తాగే రింగులు రెండూ జబ్బులే. మూడో తరంలో అవి చాలావరకు తగ్గి వాటర్ పంపు లీకు మిగిలింది. బీఎండబ్ల్యూ ఎన్20కి చైన్ గైడ్ల ప్లాస్టిక్ విరుగుతుంది, 2015 తర్వాతివి మేలు. హ్యుండాయ్, కియా 2.0 థీటా 2 టర్బోలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోయి రీకాల్స్ జరిగాయి. ఇంజిన్ మార్చారా, నాక్ సెన్సర్ సాఫ్ట్‌వేర్ వేశారా చూడాలి. ఫోర్డ్ 1.5 ఎకోబూస్ట్ నాలుగు సిలిండర్లదాంట్లో బ్లాకు, హెడ్ కలిసే చోట కూలెంట్ సిలిండర్లోకి దిగుతుంది. కూలెంట్ తగ్గుతున్న బండిని ముట్టుకోవద్దు. హోండా 1.5 టర్బోకు చలి ప్రాంతాల్లో, చిన్న ప్రయాణాల్లో ఆయిల్లో పెట్రోలు కలవడం తెలిసిందే. ఆయిల్లో తడిసే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లు, ఉదాహరణకు ప్యూజో-సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్, అయితే బెల్టు రబ్బరు పొడి రాలి ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తుంది. ఆయిల్ మూత లోంచి బెల్టు పగుళ్లు చూడవచ్చు.

రీమ్యాప్ చేసిన (ఎక్కువ శక్తి కోసం ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చిన) బండి మాత్రం వద్దు. "మళ్లీ మామూలుగా మార్చేశాం" అన్నా వద్దు. అరిగిన క్లచ్, వేడి తిన్న పిస్టన్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వెనక్కి రావు. బయటి కంపెనీ డైవర్టర్ వాల్వు, ఓపెన్ ఎయిర్ ఫిల్టర్, క్యాటలిస్ట్ తీసేసిన డౌన్‌పైప్, ఇంటర్‌కూలర్ క్లాంపుల మీద కొత్త స్క్రూడ్రైవర్ గుర్తులు, వీటిలో ఏది కనిపించినా అడగండి.

టర్బో లేనిదే మేలా అంటే, ఆయిల్ సకాలంలో మార్చే అలవాటు లేనివాళ్లకూ, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగేవాళ్లకూ, పోర్టు ఇంజెక్షన్ ఉన్న మామూలు 2.0 లేదా 2.5 ఇంజినే నిశ్చింత. వారానికి ఒకటి రెండు సార్లైనా హైవే మీద తిరిగేవాళ్లకు, పైన చెప్పిన పరీక్షలన్నీ దాటిన టర్బో ఇంకో లక్ష కిలోమీటర్లు నడుస్తుంది. ధరలో ఏడో వంతో, ఎనిమిదో వంతో విడిగా పక్కన పెట్టుకుని కొనండి. అది మిగలదు, మొదటి నెలలోనే చాలావరకు ఖర్చవుతుంది.

ఖర్చయ్యేది వీటికి: సరైన ఆమోదం ఉన్న ఆయిల్, ఫిల్టర్; ప్లగ్గులు, గ్యాప్ పుస్తకంలో చెప్పినట్టే, సాధారణంగా 0.7 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, ఎయిర్ ఫిల్టర్, అదే రకం కూలెంట్, రంగులు కలపకుండా, గేర్‌బాక్సు ఆయిల్, బ్రేకు ఆయిల్. ఇంజిన్ వేడెక్కేదాకా 3,000 ఆర్‌పీఎం దాటించకండి, 1,500 ఆర్‌పీఎం లోపు పై గేరులో గట్టిగా తొక్కకండి, ఆపే ముందు చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. మొదటి ఆయిల్‌ను 3,000 కిలోమీటర్లకే మార్చేయండి, లోపలి పాత మురికి అందులోకి దిగి ఉంటుంది. ఆ లోపు ప్రతి 500 కిలోమీటర్లకూ సమతల నేల మీద, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు డిప్‌స్టిక్ చూసి మట్టం రాసుకోండి. వెయ్యికి పావు లీటరు కన్నా ఎక్కువ తగ్గుతుంటే ముందు పీసీవీ మార్పించి మళ్లీ కొలవండి. ఆ తర్వాతా తగ్గుతుంటేనే రింగుల సంగతి, టర్బో సంగతి మాట్లాడాలి.